పన్నెండో రోజు వీడియో

"మెడ కోస్తామంటే కోయించుకోడానికి నా కొడుకేమన్నా కోడిపిల్లా?"

కోడలు ఈ మాట పొద్దుటినుంచి అంటూనే ఉంది. మొదటిసారి అన్నప్పుడు పొయ్యి మీద పాలు పొంగాయి. ఇప్పుడు పదకొండయింది, ఆ గిన్నె ఇంకా సింకులోనే ఉంది. ఆ ఇంట్లో మాడిన గిన్నె మూడు గంటలు సింకులో పడి ఉందంటే సంగతి మామూలుది కాదు. అత్తగారు తోమిన గిన్నెనే మళ్ళీ తోమే రకం మరి.

"కోడిపిల్లేంటి! డాక్టరమ్మ నిన్న గంటసేపు కూర్చోబెట్టి చెప్పింది కదా" అన్నాడు మొగుడు.

"చెప్పింది. నేనూ విన్నాను. కాల్లోంచి నరం తీసి మెడపక్కన అతుకుతారట. మీరు పొద్దస్తమానం అతుకులేసేవాళ్ళు కాబట్టి మీకది మామూలుగానే ఉంటుంది."

ఈ దెబ్బ ముందుగదిలో కత్తెర పట్టుకుని నిలబడ్డ మామగారికి కూడా తగిలింది. ఆ ఇల్లు సగం ఇల్లు, సగం టైలరు షాపు. వీధివైపు గదిలో రెండు మిషన్లు, పొడుగాటి కటింగు బల్ల, గోడనిండా హ్యాంగర్లు. మధ్యలో ఒక తెర. తెర ఇవతల సంసారం. ప్యాంటు కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళకి ఈ ఇంటి గొడవలన్నీ ఉచితంగా వినిపిస్తాయి.

మంచం మీద ఐదు నెలల గున్న తన ఎడమ గుప్పెట నోట్లో కుక్కుకుని చప్పరిస్తున్నాడు. పుట్టినప్పుడే నాలుగున్నర కిలోలు, అందుకే ఆ ముద్దుపేరు. ఆ బరువే వాడి కొంప ముంచింది. తల బయటికొచ్చి భుజం లోపల ఇరుక్కుపోయింది. తల్లీ బిడ్డా ఇద్దరూ పోయేట్టున్నారని లాగి తీశారు. ఆ లాగడంలో మెడ దగ్గర, కుడిచేతికి వెళ్ళే నరాలు దెబ్బతిన్నాయి. వేళ్ళు ఆడతాయి, గుప్పెట పడుతుంది. మోచెయ్యి మడవడు, భుజం లేపడు. ఎడంచెయ్యి కనపడ్డ ప్రతిదాన్నీ లాక్కుంటుంటే కుడిచెయ్యి పక్కన ఊరికే పడి ఉంటుంది.

పొద్దున ఎనిమిదింటికి ఆస్పత్రినుంచి ఫోనొచ్చింది. వచ్చే గురువారం ఆపరేషనుకి రావలసిన ఇంకో పిల్లకి జ్వరమట, ఆ ఖాళీ మీకిస్తాం, సాయంత్రం నాలుగులోపు ఔననో కాదనో చెప్పండి అన్నారు. నాలుగు దాటితే ఇంకొకరికి ఇచ్చేస్తారు. తర్వాత రెండు నెలలదాకా ఖాళీ లేదు. అప్పటికి గున్నకి ఏడు నెలలు నిండుతాయి, నరం అతికినా కండ దాని మాట వినడం కష్టమవుతుంది. ఇది కూడా డాక్టరమ్మ నిన్ననే చెప్పింది.

"మరి రెండు నెలలు ఆగితే ఏమవుతుందో విన్నావా లేదా?" అన్నాడు మొగుడు.

"ఏమీ కాదు. వాడే మడుస్తాడు. ఒకసారి మడిచినవాడు మళ్ళీ మడవకుండా ఎక్కడికి పోతాడు?"

కోడలు ఫోను తీసింది. ఏం తీస్తుందో అందరికీ తెలుసు. తొమ్మిది సెకన్ల వీడియో. తెల్లదుప్పటి మీద తెల్లచొక్కాలో పన్నెండు రోజుల గున్న. కుడిచెయ్యి మెల్లగా కదులుతుంది, మోచెయ్యి మడుచుకుంటుంది, గుప్పెట గడ్డం దాకా వెళ్ళి ఆగుతుంది. వెనకనుంచి మొగుడి గొంతు "అబ్బో! అబ్బబ్బో!" అంటుంది. అంతే.

ఆ వీడియో వచ్చేనాటికి ఆమె ఆస్పత్రిలోనే ఉంది. కాన్పులో రక్తం బాగా పోయి, తర్వాత జ్వరం పట్టుకుని, మొత్తం పద్దెనిమిది రోజులు మంచానికి అతుక్కుపోయింది. అత్తగారు అక్కడే తోడున్నారు. బిడ్డని నాలుగో రోజునే ఇంటికి పంపేశారు. ఇంట్లో ఇద్దరు మగాళ్ళు, ఒక పసిగుడ్డు, ఒక పాలసీసా. పక్కింటి పిన్ని వచ్చి స్నానం పోసి వెళ్ళేది. ఆ ఇద్దరూ వాణ్ణెలా సాకారో ఆ గున్నకే తెలియాలి.

"చూడండి. ఇదిగో. ఇదిగో మడిచాడు. నిన్న డాక్టరమ్మ ఏమంది? దారం లాగితే కొంచెం సాగుతుంది, మరీ లాగితే తెగుతుంది, సాగింది తనంతట తనే కోలుకుంటుంది, తెగింది కోలుకోదు అంది. తెగిన నరం పన్నెండో రోజున చెయ్యెలా మడిచింది? చెప్పండి. మందుల షాపులో ఆరేళ్ళు చేశాను, నాకామాత్రం తెలీదా?"

మొగుడు గున్న నోట్లోంచి గుప్పెట తీశాడు, వాడు మళ్ళీ పెట్టుకున్నాడు.

"మూడో నెలలోనూ ఈవిడే ఆపరేషనంది. ఈ వీడియో చూపిస్తే, మడిచినట్టే ఉందమ్మా, ఇంకో రెండు నెలలు చూద్దాం అంది. అప్పుడు మీరు నా పక్కనే కూర్చుని పల్లెత్తు మాట మాట్లాడలేదు. ఇవాళేమో కోయించెయ్ కోయించెయ్ అని నా ప్రాణం తోడేస్తున్నారు. ఈ రెండు నెలల్లో మీకేం దెయ్యం పట్టింది?"

"దాని మాటలో తప్పేముందిరా?" అని అత్తగారు అందుకున్నారు. "నేను చూళ్ళేదూ ఆ వీడియో? ఆస్పత్రి మంచం మీద ఇద్దరం కలిసి చూశాం. వార్డంతా తిప్పి చూపించాను. ఊడ్చే ఆమెక్కూడా చూపించాను. అలాంటి బిడ్డని పట్టుకెళ్ళి కోతకి అప్పజెప్పమంటావేంటి?"

అత్తాకోడళ్ళు ఒక్కమాట మీద ఉండటం ఆ ఇంట్లో ఇది రెండోసారి. మొదటిసారి ఫ్రిజ్ కొన్నప్పుడు.

తెర కదిలింది. మామగారు తల లోపలికి పెట్టారు. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క. ఇంటి విషయాల్లో ఆయన నోరు విప్పడం ఏడాదికోసారి, అదీ కూరలో ఉప్పెక్కువైతే.

"అమ్మాయ్, ఒప్పుకో తల్లీ" అన్నారు. "ఆలస్యం చెయ్యద్దు."

కోడలు నోరు తెరుచుకుని చూసింది. "మామయ్యా, మీరు కూడానా?"

ఆయన ఇంకేదో అనబోయారు. ఇంతలో వీధిలోంచి "మాస్టారూ!" అని కేక వినిపించింది. తల వెనక్కి పోయింది.

వచ్చినాయన బస్సు డ్రైవరు. యూనిఫాం చొక్కాలు రెండు కుట్టడానికిచ్చాడు, ఇవాళ ఒకటి వేసి చూసుకోవాలి. భారీ మనిషి, గొంతు ఇంకా భారీ.

"పిల్లాడి చెయ్యెలా ఉంది మాస్టారూ?"

"బానే ఉంది."

"బానే ఉంటుందండీ! మా తమ్ముడి కూతురికీ పుట్టగానే ఇలాగే చెయ్యి వేలాడింది. రెండు నెలల్లో దానంతటదే వచ్చేసింది. ఇప్పుడు ఆ చేత్తోనే వాళ్ళన్నని చితక్కొడుతుంది."

తెర అవతల కోడలు "విన్నారా?" అంది. అది మొగుడికి. కానీ డ్రైవరుకీ వినపడింది. తన మాటకి విలువ దొరికిందని ఆయన ఇంకా రెచ్చిపోయి, తమ్ముడి కూతురు చెట్టెక్కిన కథ కూడా మొదలుపెట్టాడు. మామగారు ఆ కథ మధ్యలోనే ఆయనకి చొక్కా తొడిగారు. ఇంకా కచ్చా కుట్టు మీదే ఉంది, తెల్లదారాలు బయటికి కనపడుతున్నాయి.

డ్రైవరు చేతులు స్టీరింగు పట్టుకున్నట్టు ముందుకి చాపాడు. కుడిది వచ్చింది. ఎడమది సగంలో ఆగిపోయింది.

"మాస్టారూ, ఇది తిరగట్లేదేంటి? చంక దగ్గర పట్టేస్తోంది."

"ఎత్తండి."

"ఎత్తుతున్నాను. రావట్లేదు."

మంచినీళ్ళు తెచ్చిన అత్తగారు గ్లాసు బల్ల మీద పెట్టి, చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. ఆవిడ మిషను తొక్కరు గానీ, నలభై ఏళ్ళుగా బొత్తాలు కుడుతున్నారు. ఏది ముందో ఏది వెనకో ఆవిడకి చీకట్లో చెప్పమన్నా చెబుతారు.

"ఏవండీ" అన్నారు. "రెండూ కుడిచేతివే కోశారు."

మామగారు చూశారు. నిజమే. గుడ్డ రెండు పొరలుగా మడత పెట్టి కొయ్యాల్సింది, ఒంటిపొర మీద ఒకే నమూనా తిప్పకుండా రెండుసార్లు గీసి కోసేశారు. పని నేర్చుకునే మొదటి వారంలో చెవి మెలేసి మాన్పించే తప్పు అది.

"అయ్యో, పర్లేదు మాస్టారూ" అన్నాడు డ్రైవరు. "రెండు కుడిచేతులుంటే రెండు గేర్లెయ్యచ్చు." ఎవరూ నవ్వలేదు. ఆయన చొక్కా విప్పేసి, నీళ్ళు తాగేసి, ఎల్లుండి వస్తానని చెప్పి జారుకున్నాడు.

అత్తగారు కదలలేదు.

"నలభై ఏళ్ళలో ఎప్పుడన్నా ఇలా కోశారా?"

"కళ్ళద్దాలు మార్చాలి."

"కళ్ళద్దాలు పోయిన నెలే మార్చారు. మీరేదో మింగి కూర్చున్నారు. అరగట్లేదు మీకది."

"ఏమీ లేదే."

"ఏమీ లేనివాళ్ళు ఇంటి విషయంలో తలదూర్చరు. ఒప్పుకో తల్లీ అట! పెళ్ళైనప్పటినుంచి నాకెప్పుడూ ఒక సలహా ఇచ్చిన పాపాన పోలేదు, ఇవాళ కోడలికి ఇవ్వడానికి లేచారు."

ఆయన కచ్చా కుట్టు విప్పడం మొదలుపెట్టారు. మొగుడూ పెళ్ళాల మధ్య నలభై ఏళ్ళలో పడిన ఒప్పందమది. ఆయన కుట్టు విప్పుతుంటే ఇక మాటలు రావని అర్థం. అత్తగారు విసురుగా లోపలికి వెళ్ళిపోయారు. అప్పుడు మోగింది ఆ మాడిన గిన్నె.

కొడుకు షాపులోకి వచ్చి తన మిషను ముందు కూర్చున్నాడు. కాలు పెట్టాడు గానీ తొక్కలేదు.

"చెప్పేద్దాంరా" అన్నారు మామగారు, తల ఎత్తకుండా.

"వద్దు నాన్నా."

"మూడో నెలలోనే చెప్పమన్నాను. రేపు చెప్తా, ఎల్లుండి చెప్తా అన్నావు."

"చెప్తే తట్టుకోలేదు నాన్నా. ఆ వీడియో చూసుకునే లేచి కూర్చుంది మనిషి. ఎలాగోలా ఒప్పిస్తాను. ఇంకా టైముంది."

"ఒంటిగంటయింది."

"ఒప్పిస్తానంటున్నాగా!"

"ఎలా ఒప్పిస్తావురా? అది అడిగేదానికి నీ దగ్గర జవాబెక్కడుంది? తెగిన నరం ఎలా మడిచిందని అడుగుతోంది. సబబుగానే అడుగుతోంది. మనిద్దరం తప్ప ఈ భూమ్మీద దానికి జవాబు చెప్పగలిగినవాడు లేడు."

కొడుకు మిషను చక్రం మీద చెయ్యేసి ఊరికే ముందుకీ వెనక్కీ తిప్పాడు. సూది పైకి లేస్తూ కిందికి దిగుతూ ఉంది, కింద గుడ్డ లేదు.

అన్నాలు తిన్నామనిపించారు. ఆ ఇంట్లో భోజనం దగ్గర మాట్లాడుకోకపోవడం ఎవరికీ అలవాటు లేదు, అందుకని గరిటెల చప్పుడే పెద్దగా వినపడింది. కోడలు మూడు ముద్దలు తిని లేచింది. మొగుడు "ఇంకొంచెం తిను" అన్నాడు. ఆమె వినపడనట్టే వెళ్ళి చెయ్యి కడుక్కుంది. అత్తగారు తినేవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూస్తూ మొగుడి మొహం దగ్గర ఆగారు. ఆయన పళ్ళెంలోకే చూస్తున్నారు.

రెండున్నరకి కోడలు గున్నకి వ్యాయామం మొదలుపెట్టింది. రోజుకి ఐదుసార్లు, నేర్పినట్టే చేస్తుంది. భుజం కింద ఒక చెయ్యి ఆనించి, రెండో చేత్తో మోచేతిని మెల్లగా మడిచి, విప్పి, పక్కకి తిప్పి. పదేసి సార్లు. వాడు ఆటనుకుని కేరింతలు కొడతాడు. మడిచినప్పుడల్లా ఆమె "అదీ! అదీ నా బంగారం!" అంటుంది. చేతిని వదిలేస్తే పక్కకి జారిపోతుంది. మళ్ళీ తీస్తుంది.

మామగారు వచ్చి గుమ్మం దగ్గర నేల మీద కూర్చున్నారు. మోకాళ్ళ నొప్పితో నేల మీద కూర్చోడం మానేసి ఆయనకి ఐదేళ్ళయింది.

"కుర్చీ తెస్తానుండండి మామయ్యా."

"వద్దమ్మా. ఒక మాట చెప్పాలి. మధ్యలో ఆపకు, ఆపితే నాకు మళ్ళీ నోరు రాదు."

తెర దగ్గర కొడుకు "నాన్నా!" అన్నాడు. వంటింట్లోంచి అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చారు.

"పన్నెండో రోజున వాడు చెయ్యి మడవలేదు తల్లీ. నేను మడిచాను."

"మీరు మడవడమేంటి?"

"దారంతో."

 గున్న ఏదో పెద్ద ఉపన్యాసం ఇస్తున్నాడు.

"చొక్కా చేతి అంచుకి లోపల్నుంచి దారం కట్టాను. మెడపట్టీ కిందనుంచి పైకి తీశాను. నేను తలవైపు కూర్చుని మెల్లగా లాగాను, వీడు ఎదర నిలబడి వీడియో తీశాడు. వాడికేం నొప్పి కలగలేదు, ఒట్టు. చొక్కా నలిగిందంతే."

కోడలు ఆయన వైపు చూసి, మొగుడి వైపు చూసి, నవ్వింది.

"బాగుంది మామయ్యా. ఆపరేషనుకి ఒప్పించడానికి ఇంత కథ అల్లారా? నేనేమన్నా చిన్నపిల్లనా?"

"కథ కాదమ్మా."

"కథే. నేను ఆ వీడియో వెయ్యిసార్లు చూశాను. దారముంటే నాకు కనపడదా?"

"నువ్వు చెయ్యి చూశావు. అందరూ చెయ్యే చూశారు. తెల్లచొక్కా మీద, తెల్లదుప్పటి మీద తెల్లదారం ఎవరికీ కనపడదు. అదే నా పని. కానీ బుగ్గ పక్కనుంచి పోయేచోట దాచలేకపోయాను. నాలుగో సెకను దగ్గర ఆపి చూడు. కుడిచెవి కింద."

ఆమె ఫోను తీసింది. ఆపింది. రెండు వేళ్ళతో పెద్దది చేసింది. గున్న బుగ్గ తెరనిండా వచ్చింది. చెవి కింద, చర్మం మీద, సన్నగా నిటారుగా ఒక తెల్లగీత. ఇన్నాళ్ళూ చూసినప్పుడల్లా అది అత్తగారి తలవెంట్రుక అనుకుంది. అత్తగారు ఆ రోజు తన పక్కనే, ఆస్పత్రిలో ఉన్నారని ఇప్పుడు గుర్తొచ్చింది.

మళ్ళీ నడిపించింది. గీత బిగిసింది, చెయ్యి లేచింది. గీత వదులైంది, చెయ్యి ఆగింది.

"అబ్బో! అబ్బబ్బో!" అంది ఫోను.

అత్తగారు ముందు తేరుకున్నారు. "ఛీ! ఛీ! మీరు మనుషులేనా? బిడ్డని తోలుబొమ్మని చేస్తారా? అందుకా ఇవాళ పొద్దుట్నుంచి నీతులు చెప్తున్నారు ఇద్దరూ! నేను వార్డంతా తిప్పి చూపించానే! నర్సులందరూ నన్ను పట్టుకుని సంతోషపడ్డారే! నా మొహాన ఉమ్మేసినా బాగుండేది కదండీ!"

"నాదే తప్పు" అన్నారు మామగారు.

"కాదు. నేనే అడిగాను" అన్నాడు కొడుకు. తెర వదిలేసి లోపలికొచ్చాడు. వచ్చాడే గానీ ఎక్కడ నిలబడాలో తెలీలేదు. "నువ్వు అన్నం ముట్టడం మానేశావు. నా బిడ్డ చెయ్యి నా కడుపే విరిచేసింది అని గోడవైపు తిరిగి పడుకున్నావు. మూడు రోజులు. అక్కడ నిన్ను చూసే డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, మందులు మా చేతిలో ఉన్నాయి, ఆవిడ లేవాలనుకోవడం మా చేతిలో లేదు, మీరేం చెప్తారో చెప్పండి అన్నాడు. నాకేం తోచలేదు. ఇంటికొచ్చి నాన్నని అడిగాను. నీ ఒక్కదానికే అనుకున్నాను. ఒక్కసారి చూసి ధైర్యం తెచ్చుకుంటావనుకున్నాను."

"తల్లన్నది అలాంటి వీడియో ఒక్కసారి చూసి ఊరుకుంటుందా? ఎవరికీ చూపించకుండా ఉంటుందా?" అన్నారు అత్తగారు. "నీకు బుర్రుందా అసలు?"

కోడలు ఫోనునే చూస్తోంది.

"ఆ సాయంత్రం అన్నం తిన్నాను" అంది.

"రెండోసారి పెట్టించుకున్నావు కూడా" అన్నారు అత్తగారు. అనేసి, అనకూడనిది అన్నట్టు నోరు మూసుకున్నారు.

"అదొప్పుకుంటాను. ఆ వీడియో లేకపోతే నేను లేచేదాన్నో లేదో నాకూ తెలీదు." ఆమె తలెత్తి మొగుణ్ణి చూసింది. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. "మరి మూడో నెలలో? అప్పుడు నేను మంచంలో లేను కదా. డాక్టరమ్మ ఎదురుగా కుర్చీలో కూర్చున్నాను. నువ్వూ కూర్చున్నావు."

"చెప్దామనుకున్నాను. లోపలికి వెళ్ళేదాకా అదే అనుకున్నాను. నువ్వు ఫోను తీసి ఆవిడకి చూపిస్తూ నవ్వావు."

"నవ్వితే?"

"నోరు రాలేదు."

"నీ నోరు రాక వాడికి రెండు నెలలు పోయాయి." గొంతు లేవలేదు. లేస్తే బాగుండునని మొగుడు అనుకున్నాడు. "ఆవిడ అప్పుడే చేస్తానంది. నేనే వద్దన్నాను. వద్దనడానికి నా చేతికి ఆ వీడియో ఇచ్చింది నువ్వు. ఇవాళ కూడా వద్దనేదాన్నే. మామయ్య చెప్పకపోతే నాలుగింటికి ఫోన్ చేసి వద్దని చెప్పి, పళ్ళాలు కడుక్కునేదాన్ని. నువ్వు చూస్తూ ఊరుకునేవాడివా?"

"ఊరుకునేవాణ్ణి కాదు."

"ఏం చేసేవాడివి?"

 నిజానికి ఆ సంగతి అతనికీ తెలీదు.

గోడ గడియారం మూడుంపావు చూపిస్తోంది. కోడలు లేచి, గున్నని అత్తగారి ఒళ్ళో పెట్టి, ఆస్పత్రికి ఫోన్ చేసింది. నాలుగుసార్లు సంగీతం వినిపించి, వేచి ఉండమని చెప్పి, చివరికి డాక్టరమ్మని కలిపారు.

"గురువారానికి ఔనని చెప్పడానికి చేశానండీ. ఇంకొక సంగతి కూడా చెప్పాలి. మీకు రెండుసార్లు చూపించిన వీడియో నిజం కాదు."

అవతల ఏదో అడిగారు.

"అంటే, చెయ్యి వాడు కదపలేదు. దారం కట్టి లాగారు. మా ఇంట్లోవాళ్ళే. నాకు ధైర్యం చెప్పడానికి. నాకు ఇప్పుడే తెలిసింది." కాసేపు విన్నది. "లేదండీ, ఒక్కసారి కూడా మడవలేదు. మొదట్నుంచీ లేదు."

డాక్టరమ్మ గొంతు గదిలో అందరికీ సన్నగా వినపడుతోంది. నిన్నంతా నాకు లెక్క కుదరలేదమ్మా, వచ్చిన కదలిక మళ్ళీ పోవడమేంటని రాత్రి కూడా ఆలోచించాను, ఇప్పుడు అర్థమైంది అంటోంది.

"ఆలస్యమైపోయిందా?" అని అడిగింది కోడలు. అత్తగారు ఒళ్ళో వాణ్ణి ఊపడం ఆపారు. గున్న కూడా ఎందుకో ఉపన్యాసం ఆపాడు.

మూడో నెలలో చేసుంటే ఇంకా బాగుండేది, ఇప్పుడూ చెయ్యచ్చు, ఎంత కదలిక వస్తుందో ముందే మాట ఇవ్వలేను, వచ్చినా కనపడటానికి నెలలు పడుతుంది, ఏడాది కూడా పట్టచ్చు. ఇదీ జవాబు. తీపీ లేదు చేదూ లేదు, ఉన్నదున్నట్టు ఉంది. కోడలికి ఆ క్షణంలో ఆ మనిషి కాళ్ళు పట్టుకోవాలనిపించింది.

"రాసుకోండి. వస్తాం. ముందురోజు బుధవారం ఎనిమిదింటికే చేరతాం. పాలు ఎప్పుడు ఆపాలో చెప్పండి."

బల్ల మీద సుద్దముక్క దొరికితే దాంతోనే గోడ మీద రాసుకుంది. మామూలు రోజైతే గోడ మీద గీత పడితే అత్తగారు ఇల్లు పీకి పందిరేసేవారు. ఇవాళ వంగి, అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూశారు.

ఫోను పెట్టేశాక మామగారు లేవబోయి లేవలేకపోయారు. కోడలే వెళ్ళి చెయ్యందించింది.

"నన్ను తిట్టమ్మా" అన్నారాయన.

"తిడతాను మామయ్యా. ఇప్పుడు కాదు. ఆపరేషను తర్వాత తల మీదనుంచి లాగకుండా తొడగడానికి ముందువైపంతా తెరుచుకునే చొక్కాలు కావాలట. మెడ దగ్గర కట్టు తగలకూడదట. నాలుగు కుట్టండి."

ఆయన తలూపి షాపులోకి వెళ్ళారు. అత్తగారు మనవణ్ణి భుజాన వేసుకుని, "పదరా నాయనా, ఇక్కడుంటే మీ నాన్నని నేను కొట్టినా కొడతాను" అని వెనకవైపుకి తీసుకెళ్ళిపోయారు.

మొగుడూ పెళ్ళాం మిగిలారు. అతను మంచం మీది దుప్పటి సర్దాడు. సర్దినదే మళ్ళీ సర్దాడు. తల్లి పోలికలు ఎక్కడికి పోతాయి?

"సంచీ నేను సర్దుతాను" అన్నాడు. "ఎన్ని రోజులుంచుకుంటారట?"

"మూడు. వార్డులో బిడ్డ దగ్గర ఒక్కరే ఉండాలట. నేనుంటాను."

"మరి నేను?"

"బయట బెంచీ ఉంటుంది. కూర్చో. లోపల వాడు కళ్ళు తెరిచాడో లేదో, పాలు తాగాడో లేదో, వేళ్ళు కదిపాడో లేదో, నేను పూటకోసారి బయటికొచ్చి చెప్తాను. నువ్వు విను."

 షాపులో కత్తెర చప్పుడు మొదలైంది, ఆగింది, మళ్ళీ మొదలైంది.

"నిజమే చెప్తావు కదా?" అన్నాడు.

ఆమె గున్న స్నానానికి నీళ్ళు పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళిపోయింది.